చేతిపని కబుర్లు 14: హెడ్‌సెట్ తలకు సరిపోవాలా, తల హెడ్‌సెట్‌కు సరిపోవాలా?



ఈసారి వైర్‌లెస్ హెడ్‌సెట్ గురించి రాస్తున్నాను. అవును, చెవులకు పెట్టుకునేదే. "అక్కా, హాస్టళ్ల గురించి, శ్మశానం స్థలాల గురించి రాసే నువ్వు ఇప్పుడు దీని మీద పడ్డావేంటి?" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగండి. కానీ ముందు ఒక లెక్క వేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఎంతమంది పిల్లలు రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ఈ వస్తువును నెత్తిన పెట్టుకుని బతుకుతున్నారు? కస్టమర్ సపోర్ట్, ఇన్సూరెన్స్ కాల్స్, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్, ఆన్‌లైన్ ట్యూషన్లు. ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి, అద్దె గదిలో గోడవైపు తిరిగి కూర్చుని, అమెరికా పగటి కోసం తమ రాత్రిని ఇచ్చేసిన పిల్లలు. వాళ్లకు అది పాటలు వినే సరదా కాదు. మా తాతకు పార ఎలాగో వాళ్లకు అది అలాగ. పనిముట్టు.

పార కర్ర చేతికి గరుకుగా తగిలితే మా తాత గాజుపెంకుతో గీకి నునుపు చేసేవాడు. లావుగా ఉంటే చెక్కేవాడు. సన్నగా ఉంటే పాత గుడ్డ చుట్టేవాడు. కొడవలి పిడి కూడా అంతే, ఎవరి గుప్పిటకు వాళ్లు సరిచేసుకునేవాళ్లు. ఆయన మనవలే ఇప్పుడు నడినెత్తిన నొప్పి పుడుతున్నా, కళ్లజోడు కాడ చెవి వెనక దిగబడుతున్నా, కదలకుండా కూర్చుంటున్నారు. ఎందుకంటే "అది కంపెనీ వస్తువు, ముట్టుకోకూడదు" అన్నారట.

ముట్టుకోకూడదు అనే మాట మనకేం కొత్త కాదు కదా.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముట్టుకోవచ్చు. విప్పొచ్చు. కత్తిరించొచ్చు, కుట్టొచ్చు, మార్చొచ్చు. రోజంతా మన ఒంటి మీద ఉండే వస్తువు మన ఒంటి కొలతకు రావాలి. ఆ పని చేసుకునే హక్కు మనకుంది, దానికయ్యే ఖర్చు మాత్రం పని చేయించుకునేవాడిది.

ముందు కొలత సంగతి చూద్దాం. కంపెనీలు "అందరి తలలకూ సరిపోతుంది" అని అట్టపెట్టె మీద అచ్చేస్తాయి. ఆ అందరూ ఎవరు? 1950లో అమెరికా వైమానిక దళం నాలుగు వేల మందికి పైగా పైలట్ల ఒంటి కొలతలు తీయించింది. విమానం సీటు, పెడళ్లు అన్నీ "సగటు మనిషి"కి తగ్గట్టు చేద్దామని ఆలోచన. ఆ కొలతలు తీసినవాళ్లలో ఒకడైన గిల్బర్ట్ డేనియల్స్ అనే యువకుడికి అనుమానం వచ్చింది. 4,063 మంది పైలట్లలో పది ముఖ్యమైన కొలతలు తీసుకుని, ఆ పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టాడు. ఒక్కరు కూడా లేరు. 1952లో నివేదిక రాసి అదే చెప్పాడు. సగటు మనిషి కోసం చేసిన సీటు ఎవరికీ సరిగ్గా సరిపోని సీటు. అక్కడి నుంచే ముందుకు వెనక్కు జరుపుకునే సీట్లు, మార్చుకునే పట్టీలు కావాలని వైమానిక దళం పట్టుబట్టింది.

చూడండి, వాళ్లందరూ మగవాళ్లు, ఒకే దేశం వాళ్లు, పైలట్ ఉద్యోగానికి ఒడ్డూ పొడుగూ చూసి ఎంపికైనవాళ్లు. వాళ్లలోనే ఇద్దరి ఒళ్లు ఒక్కలా లేవు. ఇక జడ వేసుకునే ఆడపిల్ల, చెవులకు బుట్టలు పెట్టుకున్న అక్క, తలకు హిజాబ్ కట్టుకున్న చెల్లి, సోడాబుడ్డి కళ్లద్దాల తమ్ముడు... వీళ్లందరి తలలూ ఒక అచ్చులో ఎలా పడతాయి?

హెడ్‌సెట్ చరిత్రే మార్పుల చరిత్ర. యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో హెడ్‌ఫోన్లు తయారు చేసి, 1910లో అమెరికా నేవీకి పంపాడు. శబ్దం అద్భుతం అన్నారు. కానీ పైపట్టీ తలకు బాగోలేదు, మార్చమన్నారు. ఆయన పేచీ పెట్టలేదు. తోలు తొడిగిన రెండు తీగకడ్డీలతో, పైకి కిందికి జరుపుకునేలా పట్టీ మార్చి ఇచ్చాడు. తర్వాత యాభై ఏళ్లకు, పైలట్లు బరువైన హెడ్‌సెట్లతో విసిగిపోతే, కోర్ట్నీ గ్రాహం అనే పైలట్ ఇంకొకాయనతో కలిసి తేలికైనది తయారు చేయడానికి 1961లో కంపెనీయే పెట్టాడు. అదే ప్లాంట్రానిక్స్. 1969లో చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాట మనకు వినిపించింది ఆ కంపెనీ చేసిన హెడ్‌సెట్ నుంచే.

నేవీ వాడికి నెత్తి నొప్పెడితే పట్టీ మారింది. పైలట్‌కు బరువనిపిస్తే కొత్త కంపెనీ పుట్టింది. మన పిల్ల "సార్, నొప్పిగా ఉంది" అంటే మాత్రం "రెండు వారాల్లో అలవాటైపోతుందమ్మా" అంటారు. నొప్పి ఒకటే. ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి దాని పేరు మారిపోతుంది. ఒకచోట అది డిజైన్ లోపం, ఇంకోచోట పిల్లల సుకుమారం.

సరే, ఇక పనిలోకి దిగుదాం. నేను కూడా రాత్రిళ్లు గంటల తరబడి ఫోన్లో మనుషుల మాటలు విని రాసుకునేదాన్నే. దళితవాడల్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తుంటాను, వాటిని విని ఎత్తిరాయడానికి ఒక్కోదానికి మూడు నాలుగు రాత్రులు పడుతుంది. కళ్లజోడు ఉంది, జడ ఉంది, కమ్మలున్నాయి. కాబట్టి ఇక్కడ రాసేవన్నీ నా నెత్తి మీద చేసి చూసినవే.

మొదటిది బిగింపు. కొత్త హెడ్‌సెట్ రెండు వైపుల నుంచీ తలను పట్టకారులా నొక్కుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. మీ తల వెడల్పు కంటే కాస్త ఎక్కువ వెడల్పు ఉండేలా పుస్తకాలు పేర్చి, రాత్రంతా హెడ్‌సెట్‌ను వాటికి తొడిగి ఉంచండి. పొద్దున పెట్టుకుని చూడండి. చాలకపోతే ఇంకో పుస్తకం పెట్టి మళ్లీ ఒక రాత్రి. ఆత్రం వద్దు. ఎక్కువ సాగిపోతే జారిపోతుంది, అప్పుడు తల వంచినప్పుడల్లా చేత్తో పట్టుకోవాలి. పట్టీ లోపల స్టీలు రేకు ఉంటే చేతులతో కొంచెం కొంచెంగా వంచుకోవచ్చు, అదీ మధ్యభాగం దగ్గరే, కీళ్ల దగ్గర కాదు. మొత్తం ప్లాస్టిక్ అయితే చేత్తో వంచకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయకండి, టప్‌మని విరుగుతుంది. పుస్తకాల పద్ధతే మేలు. నాకు అంబేద్కర్ రచనల సంపుటాలు రెండు సరిగ్గా సరిపోయాయి. అవి అన్ని రకాలుగానూ పనికొస్తాయి.

రెండోది కుషన్లు. మన దగ్గర వీటికి ఆయుష్షు తక్కువ. "లెదర్" అని రాసి ఉంటుంది గానీ, చాలావాటిలో అది గుడ్డ మీద పూసిన పాలీయురెథేన్ పొర. చెమటకూ, గాలిలో తేమకూ ఆ పొర మెల్లగా విడిపోతుంది. అందుకే ఏడాది తిరిగేసరికి చెంపల నిండా నల్లటి పొట్టు. తల కడుక్కోలేదేమో అని పక్కవాళ్లు చూస్తారు. ఆ పొట్టు మీది కాదు, కంపెనీది.

చాలా మోడళ్లలో కుషన్ లాగితే వచ్చేస్తుంది, లేదా కాస్త తిప్పితే ఊడుతుంది. బయట విడిగా దొరుకుతాయి. కానీ కొనే ముందు పాత బనియన్ బట్టతో చిన్న తొడుగు కుట్టి చూడండి. గుండ్రంగా కత్తిరించి, అంచుకు ఎలాస్టిక్ దూర్చితే చాలు, దిండు గలీబు లాంటిదే. నాలుగు జతలు కుట్టుకుంటే రోజు మార్చి రోజు ఉతుక్కోవచ్చు. చెమట పీల్చుకుంటుంది, చెవి చల్లగా ఉంటుంది. "బట్ట వేస్తే సౌండ్ మారిపోతుంది" అని పాటల ప్రియులు అంటారు. నిజమే. చెవి చుట్టూ గాలి బిగువు తగ్గితే బేస్ పోతుంది. కానీ ఫోన్ మాటకు టెలిఫోన్ వాళ్లు మొదటి నుంచీ వాడింది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దాన్నే. బేస్ అంతా దానికి కిందే ఉంటుంది. కస్టమర్ తిట్లు వినడానికి బేస్ అక్కర్లేదు, స్పష్టంగానే వినపడతాయి.

ఒక జాగ్రత్త. బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ అయితే, కుషన్ మారిస్తే ఆ గుణం తగ్గుతుంది. చెవి చుట్టూ బిగువును నమ్ముకునే అది పనిచేస్తుంది. వీధిలో బోరు వేస్తున్నారంటే ఆ రోజుకు తొడుగు తీసేయండి.

కళ్లజోడువాళ్ల బాధ వేరు. కుషన్ కాడను నొక్కుతుంది, కాడ పుర్రెను నొక్కుతుంది. రెండు గంటలకు చెవి పైన గీత పడుతుంది. కుషన్ లోపలి ఫోమ్‌లో, సరిగ్గా కాడ వచ్చే చోట, చిన్న గాడి కోసుకోండి. కవర్ కోయనక్కర్లేదు, కుషన్ ఊడదీసి వెనకవైపు నుంచి ఫోమ్ మాత్రం తీయాలి. చేతిపని భయమైతే ఇంకో దారి ఉంది. కాడకు పైనా కిందా కుషన్ కింద సన్నటి స్పాంజి ముక్కలు పెడితే మధ్యలో కాడకు సందు దొరుకుతుంది. కమ్మలు, బుట్టలు పెట్టుకునేవాళ్లకు చెవి దగ్గర లోతు కావాలి. కుషన్ అంచు కింద మెత్తటి నూలు తాడు ఒక చుట్టు వేస్తే కుషన్ పైకి లేస్తుంది, లోపల చెవికి చోటు పెరుగుతుంది. వెనకవైపు తాడు రెండు చుట్లు వేస్తే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే తల వెనకవైపుకు పోయేకొద్దీ సన్నబడుతుంది.

ఇక పైపట్టీ. ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ ముక్క రాయడానికే ఈ పోస్టు మొదలుపెట్టాను.

నడినెత్తిన నొప్పికి కారణం బరువు కాదు. బరువంతా ఒక సన్నటి గీత మీద మోపడం. పట్టీ కింద ఇంకో వెడల్పాటి మెత్తటి పట్టీ ఉయ్యాలలా వేలాడితే, బరువు ఆ వెడల్పంతా పంచుకుంటుంది. ఖరీదైన హెడ్‌ఫోన్లలో ఇలాంటిది ఉంటుంది. నా దానిలో లేదు. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏందమ్మా, చెవులకు గూడ చెప్పులు కుట్టించుకుంటున్నవా?" అన్నాడు.

"చెవులకు కాదు బాబాయ్, నెత్తికి" అన్నాను.

ఆయన ముందుగా దాన్ని తన తలకు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నాడు. వేలితో నడినెత్తి దగ్గర ఒక చోట నొక్కి, "ఇక్కడనే గదా?" అన్నాడు. అక్కడే. తర్వాత నా తలకు పెట్టి, పట్టీకి తలకు మధ్య ఎన్ని వేళ్ల సందు కావాలో చూశాడు. జడ క్లిప్పు ఎక్కడ వస్తుందో అడిగి సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. "పట్టీ సన్నగుంటే కోస్తది, ఎడల్పుంటే మోస్తది, చెప్పుకైనా ఇంతే" అంటూ పనిలో పడ్డాడు. మెత్తటి తోలు నాలుగు వేళ్ల వెడల్పున కోసి, అంచులు మడిచి, ఆరెతో పొడిచి కుట్టాడు. క్లిప్పు వచ్చే చోట మధ్యలో చీలిక వదిలాడు. రెండు చివరలా ప్రెస్ బటన్లు పెట్టాడు, ఉతకాలంటే ఊడదీసుకోవచ్చని. అరగంట పని. నూట ఇరవై రూపాయలు అడిగాడు.

ఆ పెద్దాయన చేసినదాన్ని ఏమంటారో ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాళ్లను అడగండి. వాడేవాడి శరీరాన్ని గమనించడం, ఒత్తిడి పడే చోటు గుర్తించడం, కొలత తీయడం, నమూనా చేయడం, శుభ్రం చేసుకునే వీలు ఆలోచించడం. పుస్తకంలో దీనికి ఎర్గోనామిక్స్ అని పేరు, దానికో డిగ్రీ, దానికో జీతం. చింతచెట్టు కింద అయితే దానికి ఏ పేరూ లేదు. మహా అయితే "జుగాడ్" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పైకి మెచ్చుకోలు, లోపల చిన్నచూపు. తరాల తరబడి ఒంటికీ తోలుకూ మధ్య సంబంధం తెలిసిన చేతిని పట్టుకుని, "ఏదో తిప్పలు పడి సర్దేశాడు" అనడం.

పరిచయస్తుడు ఒకాయన ఆ పట్టీ చూసి ముక్కు ముడిచాడు. "ఐదు వేల వస్తువును తీసుకెళ్లి చెప్పులు కుట్టేవాడి చేతిలో పెట్టారా?" అన్నాడు. అదే ఆయన చేతికి ఉన్న గడియారం బెల్టు చేత్తో కుట్టిన తోలుదని రెండుసార్లు చూపించి మురిసిపోయిన మనిషి. చేత్తో కుట్టింది అని విదేశీ కంపెనీ అట్టపెట్టె మీద రాస్తే ధర పెరుగుతుంది. చేత్తో కుట్టే మనిషి ఎదురుగా ఉంటే ధర తగ్గుతుంది. తోలు అదే, కుట్టు అదే. మారింది ఆ చెయ్యి ఎవరిదో కనపడటమే. ఎనిమిది నెలలైంది, పట్టీ చెక్కుచెదరలేదు. మీ వీధిలో అలాంటివాళ్లు ఉంటే వెళ్లండి, అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి. మాల్‌లో కుషన్ కొన్నప్పుడు ఆడతారా ఏంటి?

చిన్న చిన్న సౌకర్యాలు గబగబా చెప్పేస్తాను. మ్యూట్ బటన్, వాల్యూమ్ బటన్ పక్కపక్కనే ఒకే నునుపుతో ఉంటాయి, తడుముకుంటే ఏది ఏదో తెలియదు. మ్యూట్ బటన్ మీద ఒక బొట్టుబిళ్ల అంటించండి. రాళ్లు పొదిగిన రకమైతే వేలికి భేషుగ్గా తెలుస్తుంది. ఎడమ చెవివైపు ఇంకోటి అంటిస్తే చీకట్లో ఎడమ కుడి వెతుక్కోనక్కర్లేదు. మైక్‌కు స్పాంజి టోపీ లేకపోతే పెట్టుకోండి, ఫ్యాన్ గాలి హోరు తగ్గుతుంది. ఇంకొకటి, బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ ఆన్ అవగానే వినపడే శబ్దం ఒక్కసారిగా డబ్బాలో మాట్లాడినట్టు మారుతుంది. అది చెడిపోవడం కాదు. మామూలు బ్లూటూత్‌లో మాట్లాడటానికీ వినడానికీ కలిపి వాడే పద్ధతి వేరు, ఒట్టి వినడానికి వాడే పద్ధతి వేరు. మీటింగులో లాప్‌టాప్ మైక్‌ను ఎంచుకుని, హెడ్‌సెట్‌ను వినడానికి మాత్రమే పెట్టుకుంటే శబ్దం మళ్లీ బాగుంటుంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడే సుమా.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. బ్యాటరీ.

రెండేళ్లు దాటిన వైర్‌లెస్ హెడ్‌సెట్ షిఫ్ట్ మధ్యలో చచ్చిపోతుంది. వస్తువు బాగానే ఉంటుంది, స్పీకర్లు బాగుంటాయి, మైక్ బాగుంటుంది. పోయింది లోపల ఉన్న అగ్గిపెట్టెంత లిథియం పాలిమర్ బ్యాటరీ ఒక్కటే. కొన్ని వందల సార్లు ఛార్జ్ చేశాక దాని సత్తువ తగ్గడం దాని స్వభావం. ఒక్క ముక్క అరిగితే బండి మొత్తం పారేయమనడం ఏం న్యాయం? టైరు అరిగితే సైకిల్ పారేస్తామా?

విప్పాక ఆ బ్యాటరీ మీద ఆరంకెల సంఖ్య కనపడితే అది చాలావరకు దాని కొలతే. 502030 అని ఉంటే మందం 5 మిల్లీమీటర్లు, వెడల్పు 20, పొడవు 30. అదే కొలతది, 3.7 వోల్టులది, రక్షణ సర్క్యూట్ ఉన్నది తీసుకోవాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ పార్టుల షాపులున్నాయి, పాతది పట్టుకెళ్లి చూపిస్తే వెతికిస్తారు. నేను కొన్నది నూట యాభై, టంకం పెట్టిన తమ్ముడికి ఇంకో వంద.

ఇక్కడ మాత్రం ధైర్యం కాదు, పద్ధతి కావాలి. లిథియం బ్యాటరీని పొడవకూడదు, వంచకూడదు, కత్తితో ఎత్తి తీయకూడదు. అంటించి ఉంటే ప్లాస్టిక్ ముక్కతో నిదానంగా లేపాలి. రెండు తీగలనూ ఒకేసారి కత్తెరతో కత్తిరిస్తే ఆ కత్తెర వాటిని కలిపేస్తుంది, నిప్పురవ్వ లేస్తుంది. ఒక్కో తీగ విడిగా తీసి, వెంటనే టేపు చుట్టాలి. ఎరుపు ఎక్కడిది నలుపు ఎక్కడిది, మూడో తీగ ఉంటే అది ఎక్కడిది, ముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మీరు చేయి పెట్టకండి, తెలిసినవాళ్లకే ఇవ్వండి. టంకం అలవాటు లేనివాళ్లు దీనిలో దిగొద్దు, రిపేరు చేసేవాళ్లకు డబ్బులిచ్చి చేయించుకోండి. అది కూడా ఒకరి బతుకుతెరువే. ఇక చెవిలో దూర్చే బుల్లి ఇయర్‌బడ్స్ జోలికి పోకండి. చాలావాటిని జిగురుతో మూసేస్తారు, విప్పాలంటే పగలగొట్టడమే.

పాత ఛార్జింగ్ పోర్టు వదులైతే దాన్ని యూఎస్‌బీ సీకి మార్పించుకోవచ్చు. మార్చే తమ్ముడికి ఒక మాట గుర్తు చేయండి, 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు పెట్టాలని. అవి లేకపోతే రెండువైపులా సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ ఎక్కదు. పాత వెడల్పాటి పిన్ను కేబుల్‌తో పరీక్షించి "అయిపోయింది అక్కా" అనేస్తారు, ఇంటికొచ్చాక మీరు తల పట్టుకుంటారు.

"అయితే వారంటీ?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. నా లెక్క ఇది. వారంటీ ఉన్నంతకాలం పైపైన చేసేవి చేయండి. పుస్తకాలకు తొడగడం, తొడుగు కుట్టుకోవడం, పట్టీ వేలాడదీయడం, బొట్టుబిళ్ల. వీటికి ఒక్క స్క్రూ కూడా తీయనక్కర్లేదు. వారంటీ అయిపోయిన మర్నాడు స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ఆ తర్వాత కూడా "విప్పొద్దు" అనేవాడు మీ మేలు కోరి అనడం లేదు, కొత్తది అమ్ముకోవడానికి అంటున్నాడు.

ఉద్యోగం ఇచ్చిన కంపెనీ కిట్ సంగతి వేరే. నాకు తెలిసిన ఒక చెల్లి ఇంటి నుంచే నైట్ షిఫ్ట్ చేస్తుంది. కంపెనీ పంపిన హెడ్‌సెట్ కుషన్లు పొట్టు రాలి, చెవి చుట్టూ దద్దుర్లు లేచాయి. అడిగితే "కంపెనీ ఆస్తి, ఏం చేసినా జీతంలో నాలుగు వేలు కోత" అన్నారట. కుషన్ మార్చమంటే పాలసీలో లేదన్నారట. "అక్కా, ఉద్యోగం పోతుందేమో" అని భయపడింది. ఇద్దరం కూర్చుని మెయిల్ రాశాం. గొడవ పడే మెయిల్ కాదు. చర్మం ఫోటో, కుషన్ ఫోటో, కొత్త కుషన్ల ధర, పక్కన ఒకే వాక్యం: రెండిట్లో ఒకటి చేయండి, కుషన్లు పంపండి, లేదా నేను కొని మార్చుకుంటాను, బిల్లు ఇవ్వండి. పదకొండు రోజులకు కుషన్లు వచ్చాయి. బృందంలో ఇంకో ఆరుగురు అదే మెయిల్ పెట్టారట తర్వాత. నోటితో చెబితే అది సుకుమారం. రాసి, ఫోటో పెట్టి, ధర వేస్తే అది ఫైల్.

ఆఫీసుకు వెళ్లి పనిచేసే చోట ఇంకో సమస్య ఉంది. షిఫ్ట్ మారగానే ఒకరి హెడ్‌సెట్ ఇంకొకరి తలకు ఎక్కుతుంది. చెమట, చుండ్రు, చెవి ఇన్ఫెక్షన్లు కూడా చేతులు మారతాయి. మనిషికొక కుషన్ జత కావాలని అడగండి. ఇది మడి కాదు, ఆరోగ్యం. మడి అయితే ఫలానా వాళ్లది వద్దంటుంది. ఆరోగ్యం ఎవరిదైనా సరే ఉతకనిది వద్దంటుంది. ఈ రెండింటి తేడా మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

చట్టాల వైపు చూస్తే గాలి కొంచెం మారుతోంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే, వైరుతో ఛార్జ్ అయ్యే హెడ్‌ఫోన్లు, హెడ్‌సెట్లు అన్నిటికీ యూఎస్‌బీ సీ ఉండాల్సిందే. 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా తయారు చేయాలి. మన దేశంలో 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. పోర్టల్ మంచిదే. కానీ పోర్టల్ సమాచారం ఇస్తుంది, స్క్రూ ఇవ్వదు. జిగురుతో మూయొద్దు, విడిభాగం అమ్మాల్సిందే అని కంపెనీని కట్టడి చేసే చట్టం కావాలి. అక్కడివాళ్లకు అమ్మే హెడ్‌సెట్‌కు స్క్రూలు పెట్టగలిగినవాళ్లు మనకు అమ్మేదానికి మాత్రం జిగురు పూస్తే ఊరుకుందామా?

చివరిగా ఆ తీసేసిన పాత బ్యాటరీ గురించి. దీన్ని చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. ఆ చెత్తబుట్ట ఎవరి చేతుల్లోకి పోతుందో మీకు తెలుసు. చెత్త బండిలో నలిగిన లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. బండి వెనక నిలబడి తొక్కి సర్దేది మన అన్నలు, డంపింగ్ యార్డులో ఏరేది మన అక్కలు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కు తీసుకునే బాధ్యత తయారీదారులదే. కాబట్టి పాత బ్యాటరీ తీగల చివరలకు విడివిడిగా టేపు చుట్టి, గాలి తగిలే చోట, వంటగదికి దూరంగా, ఇసుక పోసిన డబ్బాలో ఉంచండి. ఈ-వేస్ట్ తీసుకునే చోట చేతికివ్వండి, బుట్టలో పడేసి రాకండి. ఉబ్బినదైతే రోజుల తరబడి దాచొద్దు, వెంటనే ఇచ్చేయండి. మా ఇంట్లో డబ్బాలో ప్రస్తుతం నాలుగున్నాయి, రెండు నావి, రెండు ఆ చెల్లి ఫ్రెండ్స్‌వి. శనివారం ఇచ్చి రావడానికి వెళుతున్నాను. మా వైపువాళ్లు ఎవరైనా ఉంటే అప్పటిలోగా తెచ్చివ్వండి, కలిపి ఇచ్చేస్తాను.